వెన్నబండి

దొనకొండ మైదానంలో విమానాలు దిగడం మానేసి అప్పటికి చాలాకాలమైంది. యుద్ధం రోజుల్లో దొరలు పరిచిన ఆ పొడుగాటి రన్‌వే మీద తర్వాత తర్వాత గొర్రెలు తిరిగాయి, మిరపకాయలు ఎండాయి, ఊళ్ళో కుర్రాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. డెబ్బైల్లో వాహన భద్రతా పరిశోధన సంస్థ అని ఒకటి వచ్చి ఆ నేలకంతా కంచె వేసింది. వాళ్ళ పని ఏమిటో విన్నవాళ్ళు మొదట నమ్మలేదు. బంగారంలాంటి కార్లు తెచ్చి సిమెంటు గోడకేసి గుద్దుతారట.

"ఆ మాత్రం పని మా బావమరిది జీతం లేకుండానే చేస్తాడు" అనేవాడు స్టేషను దగ్గర టీకొట్టతను.

ఆ గుద్దించే పెద్దమనిషి పేరు పరాంకుశం. సంస్థలో బండ్ల రూపకల్పన అంతా అతని చేతిమీద జరిగేది. అతను చేసి, పనికిరావని తేల్చిన బండ్లు షెడ్డులో వరసగా నిలబడి ఉండేవి. మొదటిది వలబండి. దారిలో అడ్డం వచ్చిన మనిషిని తొక్కకుండా ఎత్తిపట్టుకోవాలని ముందు భాగాన పెద్ద వల కట్టాడు. పరీక్ష రోజున అది ఒక గొర్రెను నిక్షేపంగా ఎత్తింది గానీ, దాన్ని విడిపించడానికి కాపరి వచ్చి వల కోయాల్సి వచ్చింది. రెండోది బుడగబండి. తల తగలకుండా ముందు అద్దాన్ని బయటికి ఉబ్బించాడు. మన ఎండకి లోపల కూర్చున్న డ్రైవరు కుడుములా ఉడికాడు. మూడోది వెనకచూపు బండి. సీట్లన్నీ వెనక్కి తిరిగి ఉంటాయి కాబట్టి గుద్దుకున్నా వీపు సీటుకి ఆనుకుంటుంది, నిజంగానే ప్రాణానికి ఢోకా లేదు. కాకపోతే కురిచేడు చేరేలోపు ఎక్కినవాళ్ళందరూ వాంతులు చేసుకున్నారు.

ఎవరు నవ్వినా పరాంకుశం పట్టించుకునేవాడు కాదు. అతని అన్న అద్దంకి రోడ్డులో చెట్టుకు గుద్దుకుని పోయాడు. స్టీరింగు కడ్డీ రొమ్ములోకి దిగింది. దాన్ని బయటికి లాగినప్పుడు పట్టుకున్నవాళ్ళలో పరాంకుశం కూడా ఉన్నాడు. ఆ తర్వాత అతను ఏ బండి ఎక్కినా ముందు చూసేది ఆ కడ్డీనే.

వెన్న పనికొస్తుందని తేలడం మాత్రం ఒక కోడి పుణ్యం. రెండు రకాల నూనెలు కలిపితే రెప్పపాటులో నురగ పొంగి, పొంగిన నురగ రబ్బరులా గట్టిపడి, కాసేపటికి దానంతటదే నీళ్ళయిపోతుందని పరాంకుశం కనిపెట్టాడు. తెల్లగా, మెత్తగా ఉందని షెడ్డులో అందరూ దాన్ని వెన్న అన్నారు. కారు ముందు భాగం నలగ్గానే లోపలంతా వెన్న పొంగితే మనిషి దేనికీ కొట్టుకోడు. కానీ ఊపిరి ఎట్లా? అక్కడే ఏడాది పాటు ఆగిపోయాడు. ఒకరోజు మెకానిక్కు ఖాసిం పెంచుకునే కోడి ఎగిరి నూనెలు కలిపే తొట్టిలో పడింది, దాని మీద వెన్న పొంగింది.

"పొయింది సారూ నా కోడి" అన్నాడు ఖాసిం.

వెన్న కరిగాక ఆ కోడి రెక్కలు దులుపుకుని, ఇద్దరినీ తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. పరాంకుశం కోడిని పట్టుకొచ్చి మళ్ళీ వెన్నలో పెట్టాడు. గట్టిపడ్డ ముద్దను కోసి చూశాడు. ముక్కు చుట్టూ నిమ్మకాయంత ఖాళీ. ఊపిరి తడి తగిలిన చోట వెన్న గట్టిపడలేదు.

ఆ సాయంత్రం ఇంటికి పరుగున వచ్చి, వసారాలో జోళ్ళు విప్పకుండానే, కాళ్ళకున్న దుమ్ముతో నేరుగా వంటింటి గడపదాకా వచ్చేశాడు. పరీక్ష జరిగిన ప్రతిరోజూ అతనికి అదే అలవాటు. పాసయినా, ఫెయిలయినా, ఫలితం నోట్లోంచి బయటపడే దాకా జోళ్ళ సంగతి గుర్తుండదు. శుభ్రంగా కడిగిన నేల మీద ఆ అడుగులు చూసి భార్య తాయారు విసుక్కుంటూనే వినేది.

"కృష్ణుడు వెన్న తిన్నాడని విన్నాం. మనుషుల్ని వెన్నలో పెట్టడం మీ దగ్గరే చూస్తున్నా" అంది ఆ రోజు. ఆమె చంకలో కూతురు గోద ఉంది. తండ్రి అరుపులు విని అదీ అరిచింది.

తర్వాత నెలల తరబడి బొమ్మలతో పరీక్షలు జరిగాయి. ఇసుకా గుడ్డపేలికలూ కుక్కిన ఆ బొమ్మలకి మంచి బట్టలు తొడిగేవాళ్ళు, అందుకని వాటిని పెళ్ళివారు అనేవాళ్ళు. ఒంగోలు నుంచి పాత హార్మోనియం తిత్తులు తెప్పించి, వాటి రొమ్ముల్లో అమర్చి, వేడినీళ్ళ గుడ్డ చుట్టి ఊపిరి పీల్చేలా చేశాడు పరాంకుశం. పెళ్ళివారు ఎట్లా కూర్చోవాలన్నది మాత్రం విదేశీ పుస్తకాల్లో చూసి చేశాడు. ముందు తండ్రి, పక్కన తల్లి, వెనక సీట్లో పిల్లలు. ప్రతిసారీ గోడకేసి గుద్దారు, ప్రతిసారీ నలుగురూ క్షేమంగా బయటపడ్డారు.

దొనకొండ నుంచి ఒంగోలు దాకా ఏ బండిలో చూసినా పసిపిల్ల ఉండేది తల్లి ఒళ్ళోనే. గోద పుట్టాక వెనక సీటు మొహం చూసి ఎరగదు. ఇది పరాంకుశానికి తెలియక కాదు. రోజూ కళ్ళముందున్నదాన్ని ఎవడు లెక్కేసుకుంటాడు? పుస్తకంలో లేదు, అతని లెక్కలోకీ రాలేదు.

పై అధికారులు వచ్చి చూసేలోపు బండిని మామూలు రోడ్ల మీద తిప్పి చూడాలని సంస్థలో అనుకున్నారు. గతుకులకే వెన్న పొంగితే అభాసుపాలవుతాం కదా. అందుకని పరాంకుశం ఎక్కడికి వెళ్ళినా వెన్నబండిలోనే వెళ్ళేవాడు. అట్లాగే ఒక మధ్యాహ్నం గోదకి చెవులు కుట్టించడానికి మార్కాపురం వెళ్ళారు. కంసాలి దగ్గర గోద గుక్కపట్టి ఏడ్చింది. తిరుగుదారిలో ఏడ్చి ఏడ్చి తల్లి ఒళ్ళో నిద్రపోయింది. చెవితమ్మెలకి రాసిన పసుపు తాయారు జాకెట్టుకి అంటుకుంది.

"మరక పోదేమో" అంది తాయారు.

"పసుపేగా" అన్నాడు పరాంకుశం.

ముందు పలకల లారీ వెళుతోంది. మార్కాపురం రాతిపలకలు కట్టలు కట్టలుగా పేర్చి ఉన్నాయి. దానికి అడ్డంగా గేదె వచ్చిందో ఏమో, లారీ ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు మీద కాలు వేసింది పరాంకుశానికి గుర్తుంది. "నారాయణా" అంటూ తాయారు ముందుకి వంగి, కొంగుతో సహా గోద మొహాన్ని గుండెకి అదుముకోవడం కంటికొసన కనబడింది. తర్వాత ఏమీ కనబడలేదు, వెన్న పొంగింది.

దెబ్బ తగల్లేదు. వేలు కదలదు, మెడ కదలదు, చెవులకి తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినబడదు. మొహం ముందు మాత్రం చిన్న గూడంత ఖాళీ, అందులో చక్కగా ఊపిరి ఆడుతోంది. గెలిచాను అన్నయ్యా, అనుకున్నాడు పరాంకుశం. పక్కన తాయారు కూడా ఇట్లాగే ఊపిరి పీల్చుకుంటూ ఉంటుంది, గోద నిద్రలోనే ఉండి ఉంటుంది, పెద్దయ్యాక చెబితే నమ్మదు, అనుకున్నాడు. నవ్వు కూడా వచ్చింది. బతుకు మొత్తంలో అంత సంతోషం అతనికి ఎన్నడూ కలగలేదు. ఆ సంగతి తర్వాత ఏ ఒక్కరికీ చెప్పుకోలేకపోయాడు.

వెన్న కరగడానికి ఎసట్లో పోసిన బియ్యం అన్నమయ్యేంతసేపు పడుతుంది. మొదట్లో అంతసేపు పట్టేది కాదు. బండికి నిప్పంటుకుంటే లోపలివాళ్ళని కాయాలని పరాంకుశమే పట్టుబట్టి ఆ వ్యవధి పెంచాడు.

కరిగి కారిపోయాక చూస్తే ముందు అద్దం లేదు. లారీలోంచి జారిన పలకలు డాష్‌బోర్డు మీదికి వచ్చి, తమ మెడల ఎత్తున ఆగి ఉన్నాయి. ఇంకే బండి అయినా ఇద్దరి తలలూ వెనక సీట్లో ఉండేవి. "చూశావా తాయారూ" అని అరిచాడు పరాంకుశం. తాయారు పలకలకేసి చూడలేదు. చేతులు ఇంకా బిగించే ఉంది.

"కాళ్ళతో తన్నిందండీ" అంది నెమ్మదిగా. "లేచిందనుకున్నా. చేతులు సడలిద్దామంటే రాలేదు. కాసేపు తన్ని మానేసింది. మళ్ళీ నిద్రపోయిందనుకున్నా."

అతను వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. గోద ఒంటిమీద గీత కూడా లేదు. చెవులకి రాసిన పసుపు రాసినట్టే ఉంది.

పదకొండో రోజు దాటాక సంస్థ డైరెక్టరు హైదరాబాదు నుంచి పరామర్శకు వచ్చాడు. మంచివాడే. వసారాలో కూర్చుని నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. కాసేపయ్యాక గొంతు తగ్గించి అసలు మాటకి వచ్చాడు.

"ఇలాంటి సమయంలో అనకూడదు గానీ పరాంకుశం గారూ, మీ వెన్న గెలిచింది. ఆ పలకల ముందు ఇద్దరు మనుషులు చిన్న గాయం లేకుండా బయటపడ్డారంటే మాటలు కాదు. పాప విషయం... మీ ఆవిడ ఆ క్షణంలో అంత గట్టిగా అదిమిపట్టకపోతే ఊపిరి తగిలేది కదా. రేపు బండ్లు బయటికి వచ్చినప్పుడు దాని గురించి ఒక హెచ్చరిక రాయించి అంటిద్దాం. పని మాత్రం ఆపకండి."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. పరాంకుశం తల ఎత్తలేదు.

డైరెక్టరు వెళ్ళాక తాయారు గడపలోకి వచ్చి నిలబడింది. చాలారోజుల తర్వాత భర్త మొహంలోకి సూటిగా చూసింది.

"ఆయన చెప్పింది నిజమేనా?"

"ఆయనకేం తెలుసు. కుర్చీలో కూర్చునేవాళ్ళు."

"మరి మీకు తెలుసా?"

అతను డైరెక్టరు కూర్చున్న కుర్చీని గోడవారకి జరిపాడు.

"పరీక్ష పెట్టండి" అంది తాయారు. "బొమ్మతో పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుంటే ఏమయిందో నాకు తెలుసు. వదులుగా పట్టుకుని ఉంటే గోద బతికేదా లేదా, అది చెప్పండి నాకు. ఏ పరీక్షయినా జరిగింది జరిగినట్టే చెప్పారు ఇన్నాళ్ళూ. ఇదీ అట్లాగే చెప్పండి."

"తెలిసి ఏం చేస్తావు తాయారూ?"

"ఏం చేస్తానో నాకూ తెలీదు. తెలీకుండా మాత్రం ఉండలేకపోతున్నా. చేతులకేసి చూసుకున్నప్పుడల్లా అదే."

పరాంకుశం చిన్న బొమ్మను చేశాడు. ఇసుక తూచి, గోద అంత బరువు చేశాడు. పిల్లలు ఆడుకునే బొమ్మ హార్మోనియం తిత్తిని దానికి అమర్చాడు. ఊపిరి తీసినప్పుడల్లా బయట ఒక చిన్న బల్బు వెలిగి ఆరేలా వైరు కలిపాడు. పని చేస్తున్నంతసేపూ అతని ఆశ ఒక్కటే. ఎట్లా పట్టుకున్నా బల్బు ఆరిపోవాలి. అప్పుడు తప్పు వెన్నది అవుతుంది, వెన్న చేసినవాడిది అవుతుంది. తాయారు చేతులకి దాంతో సంబంధం ఉండదు. ఆ నింద తను మోయగలడు. పగలూ రాత్రీ దాన్ని మోయడానికి సిద్ధపడి కూర్చున్నాడు.

మొదటిసారి తల్లిబొమ్మ చేతులు బిగించి కట్టారు, పిల్లబొమ్మ మొహాన్ని రొమ్ముకి ఆనించారు. బండి వెళ్ళి గోడకి గుద్దుకుంది. బల్బు వెలిగింది, ఆరింది, వెలిగింది. తడబడింది. కొంచెంసేపు నిలిచి వెలుగుతున్నట్టే ఉండి ఆరిపోయింది. ఖాసిం అవతలికి తిరిగి ముక్కు చీదుకున్నాడు.

షెడ్డులో మిగిలిన వెన్న ఇంకొక్క పరీక్షకే సరిపోతుంది. ఈసారి చేతులు వదులుగా కట్టారు. పిల్లబొమ్మ మొహం ముందు జానెడు సందు ఉంచారు. పరాంకుశం గోడ పక్కన నిలబడి కళ్ళు మూసుకున్నాడు. తన యంత్రం ఓడిపోవాలని దేవుణ్ణి వేడుకోవడం అతనికి అదే మొదలు.

చప్పుడయింది. కళ్ళు తెరిచాడు.

బల్బు వెలిగింది. ఆరింది. వెలిగింది. నిద్రపోయే పిల్ల ఊపిరిలా తీరిగ్గా, ఒక్కసారి కూడా తడబడకుండా వెలుగుతూ ఆరుతూ ఉంది. పరాంకుశం చూస్తూ నిలబడ్డాడు. ఆరిపో, ఆరిపో తల్లీ, అని గొణుగుతున్నాడని అతనికే తెలీదు. వెన్న కరిగి రన్‌వే మీదికి కారింది. బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది.

"బతికింది సారూ" అన్నాడు ఖాసిం. అన్నాక ఆ మాటకి అర్థమేమిటో తోచినట్టు నోరు మూసుకున్నాడు.

పరాంకుశం నడిచి వెళ్ళి వైరు పట్టుకుని లాగేశాడు.

"ఆగిపోయింది" అన్నాడు.

"సారూ, బల్బు ఎలగతానే..."

"ఆగిపోయింది ఖాసిం. గట్టిగా పట్టుకున్నా, వదులుగా పట్టుకున్నా ఆగిపోతుంది. ఎవరడిగినా నువ్వు చెప్పేది అదే."

ఖాసిం కింద పడ్డ వైరును చుట్టచుట్టాడు. "వెన్న నాశనమైపోద్ది గదా సారూ. ఇంతకాలం చేసిందంతా" అన్నాడు.

"పోనీ."

"రోడ్ల మీద జనం చస్తన్నారు సారూ. మీరే అంటారుగా."

పరాంకుశానికి అన్న గుర్తొచ్చాడు. రొమ్ములో దిగిన కడ్డీ గుర్తొచ్చింది. నిజం చెబితే వెన్న బతుకుతుంది. బండ్లు వేలల్లో తయారవుతాయి. బిడ్డను ఒళ్ళో గట్టిగా పట్టుకోవద్దని ప్రతి బండిలోనూ హెచ్చరిక ఉంటుంది. భయంలో కన్నబిడ్డను వదులుగా పట్టుకునే తల్లి ఈ భూమ్మీద ఎక్కడుంది? అయినా ఆ హెచ్చరిక ఉంటుంది, తాయారు మీద తీర్పు రాసి ఊరూరా అంటించినట్టు. ఆమె ఏ బండి ఎక్కినా అది కనబడుతుంది. చచ్చేవాళ్ళ మొహాలు అతనికి తెలియవు. తాయారు మొహం తెలుసు.

"నాకు ఒక్కరే ఉన్నారు ఖాసిం ఇప్పుడు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి నెమ్మదిగా నడిచి వచ్చాడు. వసారాలో కూర్చుని జోళ్ళు విప్పి గోడవారన పెట్టాడు. పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు, మొహం కడుక్కున్నాడు, తువ్వాలుతో తుడుచుకున్నాడు. వంటింటి గడప దగ్గర తాయారు నిలబడి అంతా చూస్తూ ఉంది.

"రెండుసార్లూ ఆగిపోయింది" అన్నాడు. "ఎట్లా పట్టుకున్నా ఒకటే. తప్పు వెన్నది తాయారూ. నాది."

తాయారు కాసేపు నేలకేసి చూసింది. నేల శుభ్రంగా ఉంది.

"సరేనండీ" అంది. "భోంచేద్దురు గాని, రండి."

అదే మాట అతను డైరెక్టరుకీ చెప్పాడు, పై అధికారులకీ చెప్పాడు. వాళ్ళు వాదించారు, బతిమాలారు, ఇంకోసారి చేసి చూడమన్నారు. చెయ్యనన్నాడు. నూనెలు కలిపే పాళ్ళు అతనికొక్కడికే తెలుసు. మిగిలినవాళ్ళు కలిపి చూస్తే నురగ వచ్చింది గానీ వెన్న రాలేదు. ఏడాది తిరక్కుండానే సంస్థ కంచె పీకేసి వెళ్ళిపోయింది. గొర్రెలు మళ్ళీ రన్‌వే మీదికి వచ్చాయి. వలబండి, బుడగబండి, వెనకచూపు బండి, వాటి పక్కన వెన్నబండి, నాలుగూ షెడ్డులో తుప్పుపట్టాయి.

పరాంకుశం ఊళ్ళోనే ఉండిపోయి పంపుసెట్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. పొద్దున్నే పేపరు వచ్చేది. చిలకలూరిపేట దగ్గర కారు, లారీ ఢీ. కనిగిరి దగ్గర పెళ్ళిబృందం జీపు చెట్టుకు ఢీ. పేపరు తెరిస్తే అతని కళ్ళు ముందు ఆ మూలకే వెళ్ళేవి. వీళ్ళు బతికేవాళ్ళు, వీళ్ళూ బతికేవాళ్ళు, అనుకుంటూ చదివి, మడిచి, ఇంట్లో తాయారు కళ్ళబడకుండా కొట్టుకు పట్టుకెళ్ళేవాడు. ఇంత పాపం దేనికోసం మూటగట్టుకున్నానో నాకు తెలుసు, అనుకునేవాడు. తాయారు వండుతోంది, మాట్లాడుతోంది, అప్పుడప్పుడూ నవ్వుతోంది. ఇంకేం కావాలి? ఈమధ్య ఆమె చేతిలోంచి వస్తువులు జారిపోతున్నాయి, గ్లాసులు, చెంబులు. కొత్త కళ్ళద్దాలు కొనిపెట్టాడు.

ఒకరోజు ఖాసిం భార్య నూర్జహాన్ కొత్తగా పుట్టిన మనవణ్ణి చూపించడానికి ఇంటికి తెచ్చింది. "పట్టుకోమ్మా" అంటూ తాయారుకి అందించింది.

తాయారు రెండు చేతులూ చాచింది. చేటలో బియ్యం పట్టుకున్నట్టు అరచేతులు పైకి, వేళ్ళు విడివిడిగా. బిడ్డ ఆ చేతుల మీద ఉన్నాడు గానీ చేతుల్లో లేడు. మోచేతులు ఒంటికి దూరంగా పెట్టి, బిడ్డ మొహానికీ తన రొమ్ముకీ మధ్య జానెడు సందు ఉంచింది. బిడ్డ ఒళ్ళు విరుచుకుని పక్కకి జారాడు. నూర్జహాన్ గభాల్న అందుకుంది.

"గట్టిగా పట్టుకోమ్మా, జారిపోతాడు" అంది భయంగా.

"నాకు రాదు నూర్జహాన్" అంది తాయారు.

వాళ్ళు వెళ్ళిపోయాక, వసారాలో కూర్చుని అంతా చూసిన పరాంకుశానికి ఎంతో కాలంగా అనని మాట అనాల్సి వచ్చింది.

"నేను చెప్పానుగా తాయారూ. ఎట్లా పట్టుకున్నా ఒకటేనని."

"చెప్పారు" అంది తాయారు. బిడ్డ కోసం పరిచిన దుప్పటి మడత పెడుతోంది. మడత కూడా వదులుగానే పడింది.

"జోళ్ళు విప్పి, కాళ్ళు కడుక్కుని వచ్చి చెప్పారు."

దుప్పటి పెట్టెలో పెట్టి, పొద్దుపోతోందని దీపం వెలిగించడానికి లోపలికి వెళ్ళింది.